రష్యన్ నేర్చుకోవాలంటే ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి

రష్యాలో కొత్తగా దిగిన మనవాళ్ళ మొదటి సందేహం: భాష రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పడానికి నడిపే సంస్థ రష్యన్‌కు 44 వారాలు, సుమారు 1100 తరగతి గంటలు లెక్క కట్టింది. అయితే అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ లెక్క. వాళ్ళకు కష్టమైనవన్నీ మనకు కష్టం కావు. వాళ్ళు సునాయాసంగా దాటేసే కొన్నిచోట్ల మనం బోర్లాపడతాం. చిక్కల్లా ఏమిటంటే, మన చేతికి వచ్చే పుస్తకాలు, వీడియోలు అన్నీ ఇంగ్లీషువాళ్ళకోసం తయారైనవే. వాళ్ళ భయాలు కూడా మనం అరువు తెచ్చుకుంటాం. చిన్నప్పుడు "డు ము వు లు ప్రథమా విభక్తి" అని వల్లెవేసినవాళ్ళు "రష్యన్‌లో ఆరు కేసులట!" అని గుండెలు బాదుకోవడం అలాంటిదే.

ముందుగా ఒక మాట. ఇక్కడ రష్యన్ మాటల్ని తెలుగు లిపిలో రాసేటప్పుడు ఏ అచ్చును ఒత్తి పలకాలో దానికే దీర్ఘం ఇచ్చాను. రష్యన్‌లో మన ఇల్లు-ఈల లాంటి హ్రస్వదీర్ఘాల తేడా లేదు. ఒత్తిన అచ్చు సహజంగానే కాస్త సాగుతుంది. ఇది అర్థం చేసుకోవడానికి చేసుకున్న ఏర్పాటే తప్ప, మీరు నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుంటూ పోవడానికి కాదు. మొదటి వారం దాటాక తెలుగు లిపిలోగానీ ఇంగ్లీషు లిపిలోగానీ రష్యన్ మాట రాసుకున్నారంటే, అది తప్పు ఉచ్చారణను పదిలంగా దాచుకోవడమే.

అక్షరాలు 33. పది అచ్చులు, 21 హల్లులు, సొంత ధ్వని లేని రెండు గుర్తులు. మన వర్ణమాల, గుణింతాలు నేర్చినవాళ్ళకు ఇదో లెక్క కాదు, వారం చాలు. తికమక పెట్టేవి ఇంగ్లీషు అక్షరాల వేషంలో ఉన్న ఆరేడు మాత్రమే: బీ ఆకారం "వ", హెచ్ ఆకారం "న", పీ ఆకారం "ర", సీ ఆకారం "స", వై ఆకారం "ఉ", ఎక్స్ ఆకారం "ఖ". అందుకే రెస్టారెంట్ బోర్డును కొత్తవాళ్ళు "పెక్టోపా" అని చదువుతారు. చేతిరాత వేరే సంగతి. అచ్చులో "త" అక్షరం టీ లాగే ఉంటుంది. గొలుసుకట్టులో ఇంగ్లీషు చిన్న ఎమ్ లాగా మారుతుంది. "ద" చిన్న జీ లాగా, "ప" చిన్న ఎన్ లాగా మారతాయి. "ష", "ల", "మ", "ఇ" వరసగా వచ్చాయంటే కాగితం మీద కొక్కేల వరస తప్ప ఏమీ కనపడదు. ఉపాధ్యాయులు బోర్డు మీదా, డాక్టర్లు కేసు షీట్ల మీదా రాసేది ఈ గొలుసుకట్టే. మొదటి నెలలో రోజుకో పేజీ మీరూ గొలుసుకట్టులోనే రాయండి. చదవడం వచ్చేది రాస్తేనే.

ఇక ఉచ్చారణ. మనకు చేతికి అందివచ్చిన లాభాలు ఇక్కడే ఎక్కువ. రష్యన్ త, ద మన త, ద లాగే పళ్ళకు తగులుతాయి. ఇంగ్లీషు అలవాటుకొద్దీ మనమే వాటిని ట, డ చేసి పాడుచేస్తాం. అక్కడ డాక్టరు "దోక్తర్", టాక్సీ "తక్సీ", టెలిఫోన్ "తిలిఫోన్". ట అన్నదే ఆ భాషలో లేదు. "చలి"లో చ, "చిలుక"లో చ ఒకటి కాదని పెద్దవాళ్ళు పలికేటప్పుడు గమనించారా? రష్యన్‌లో ఆ రెండింటికీ రెండు అక్షరాలు. "ష", "శ" తేడా పలకగలిగినవాళ్ళకు ఇంకో లాభం: రష్యన్ "ష" మూర్ధన్యానికి దగ్గర, రెండోది మెత్తగా, సాగదీసిన "శ్శ". "ఇంకా" అనే మాట "యిశ్శో"లో వచ్చేది అదే. "ష" పలికే చోటే నాలుక ఉంచి గొంతు కలిపితే వచ్చేదాన్ని ఇక్కడ "ఝ" అని రాస్తున్నాను. అందులో మన ఒత్తు హకారం ఉండదు.

మనం పడేది ఎక్కడంటే, మాట చివర. తెలుగు నోటికి హల్లుతో ఆగడం ఇబ్బంది. బస్సు, కారు, పెన్ను అన్నట్టుగానే "బ్రాత్" అనాల్సినదాన్ని "బ్రాతు" అనేస్తాం. వేరే భాషలో అయితే అది యాస అనిపించుకుని ఊరుకునేది. రష్యన్‌లో అది వ్యాకరణం. "బ్రాత్" అంటే సోదరుడు, "బ్రాతు" అంటే సోదరుడికి. "దోమ్" ఇల్లు, "దోము" ఇంటికి సంబంధించిన చతుర్థి రూపం. అంటే మన చివరి ఉకారం ప్రతి పుంలింగ పదాన్నీ విభక్తి మార్చి కూర్చోబెడుతుంది. వినేవాళ్ళు మీకు విభక్తులు రావనుకుంటారు, మీకేమో తప్పెక్కడుందో తెలియదు. దీనికి మందు: హల్లుతో ముగిసే మాటల్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని, చివర గాలి వినిపిస్తోందా, ఉకారం వినిపిస్తోందా అని చెవిపెట్టి వినడం. మొదట్లోనే సరిదిద్దుకోకపోతే ఐదేళ్ళయినా వదలదు.

ఇలాంటిదే మాట మొదట్లో వచ్చే ఎకారం. "ఎందుకు"ను "యెందుకు" అనే అలవాటు మనది. రష్యన్‌లో ఎ వేరు, యె వేరు. "ఇది" అనే మాట "ఏత", "యేత" కాదు. "ఉంది" అనే మాట "యేస్త్య్", "ఏస్త్య్" కాదు.

అసలు కష్టం హల్లుల మెత్తదనం. దాదాపు ప్రతి హల్లుకూ గట్టి రూపం ఒకటి, మెత్తని రూపం ఒకటి. మెత్తని హల్లుకు నాలుక మధ్యభాగం అంగిలి వైపు లేస్తుంది. అది హల్లు పలికాక తగిలించే యకారం కాదు, హల్లుతో పాటే జరగాలి. "లూక్" ఉల్లిపాయ, "ల్యూక్" రోడ్డు మీది మ్యాన్‌హోల్. "బ్రాత్" సోదరుడు, "బ్రాత్య్" తీసుకోవడం. "సేమ్య" విత్తనం, "సిమ్‌యా" కుటుంబం. రెండోదానిలో మాత్రమే యకారం విడిగా వినపడుతుంది. ఈ జంటల్ని ముందు విని గుర్తుపట్టడం సాధన చేయండి, పలకడం తరవాత. చెవికి తెలియని తేడా నోటికి రాదు.

తెలుగులో బొత్తిగా లేని అచ్చు ఒకటుంది. "నువ్వు", "మీరు" అనే రెండు రష్యన్ మాటల్లోనూ అదే ఉంటుంది కనుక తప్పించుకోలేరు. "ఊ" అంటూ, నాలుకను అంగుళం కూడా కదపకుండా, పెదాలను మాత్రం "ఈ"కి లాగినట్టు లాగండి. వచ్చేది అదే. దాన్ని మామూలు "ఈ" చేస్తే "ఉన్నాడు" అనేది "కొట్టాడు" అవుతుంది.

ఒత్తు ఎక్కడ పడుతుందో చెప్పే నియమం లేదు. ప్రతి మాటతో పాటు దాన్నీ నేర్చుకోవాల్సిందే. "జామక్" కోట, "జమోక్" తాళం. "మూక" వేదన, "ముకా" పిండి. "ప్లాచు" ఏడుస్తున్నాను, "ప్లచూ" డబ్బు కడుతున్నాను. "రాయడం" అనే క్రియ "పిసాత్య్". ఒత్తు మొదటి అచ్చు మీద వేశారో, తరగతిలో నవ్వులే, ఎందుకంటే అప్పుడది మూత్రం పోయడం. ఒత్తు పడని ఒకారం అకారంగా మారిపోతుంది కనుక రాసేది "మొలొకొ", పలికేది "మలకో". మాట చివరి గ, ద, బ గొంతు కోల్పోతాయి: స్నేహితుడు "ద్రూక్", రొట్టె "ఖ్లేప్". పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ ఒత్తు గుర్తు అచ్చువేయరు. "యో" అక్షరం మీది రెండు చుక్కలూ తరచుగా ఎగరగొడతారు. "వ్స్యే" అందరూ, "వ్స్యో" అన్నీ, అచ్చులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ఒత్తు చూపించే నిఘంటువు వాడండి. అది చూపించని ఆప్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

ఇప్పుడు వ్యాకరణం. ఇక్కడ ఇంగ్లీషును బయట వదిలేసి రండి. "ఆయన డాక్టరు" అనడానికి మనకు మధ్యలో క్రియ అక్కర్లేదు, వాళ్ళకూ అక్కర్లేదు: "ఓన్ వ్రాచ్". ఇంగ్లీషులోని ఎ, ది లాంటివి మనకూ లేవు, వాళ్ళకూ లేవు. "నాకు చలిగా ఉంది" అంటే "మ్నే ఖోలద్న", నాకు అనే చతుర్థితోనే. "నాకు ఇరవై ఏళ్ళు" అంటే "మ్నే ద్వాత్సత్య్ లేత్". "నాకు నచ్చుతుంది" అంటే "మ్నే న్రావిత్స". ఇంగ్లీషులో ఆలోచించి "నేను చలిని" అనే ధోరణిలో "యా ఖలోద్నియ్" అన్నవాళ్ళు తమ ఒళ్ళు చల్లగా ఉందనో, మనసు కరుకనో చెప్పుకుంటున్నారు. "నా దగ్గర ఉంది" కూడా మనలాగే: "ఉ మిన్యా యేస్త్య్". "నాకేమీ తెలియదు"లో మనం ఏమీ, తెలియదు అని రెండుసార్లు కాదన్నట్టే వాళ్ళూ అంటారు: "యా నిచివో నె జ్నాయు". మన "లేదు", "కాదు" తేడా సైతం ఉంది. లేదు అంటే "న్యేత్", కాదు అంటే "నె".

విభక్తుల్ని పట్టికగా బట్టీ పట్టకండి. పన్నెండు గళ్ళ పట్టిక పరీక్ష కాగితం మీద గుర్తొస్తుంది, కౌంటర్ దగ్గర రాదు. ఒక్కో విభక్తికి నాలుగైదు బతికున్న వాక్యాలు పట్టుకోండి. వరస ఇలా అయితే పని తేలిక: ముందు "లో" అర్థం ఇచ్చేది, తరవాత ద్వితీయ, ఆ పైన షష్ఠి, చతుర్థి, చివరికి తృతీయ.

"బడిలో", "బడికి" మనకు వేర్వేరు ప్రత్యయాలు. రష్యన్‌లో ముందు వచ్చే "వ్" ఒకటే, చివర మారుతుంది: "వ్ ష్కోలె" బడిలో, "వ్ ష్కోలు" బడికి. కొన్నిటికి "వ్" బదులు "న" వస్తుంది: పని, ఫ్యాక్టరీ, మార్కెట్, పోస్టాఫీసు, రైల్వే స్టేషన్. ఎందుకని అడగకుండా మాటతో కలిపి నేర్చుకోవడమే మేలు.

ద్వితీయలో మనకు పుట్టుకతోనే తెలిసిన సూత్రం ఉంది. "పుస్తకం చూశాను" అంటాం, "అన్నయ్యను చూశాను" అంటాం. ప్రాణంలేనిదానికి "ను" వదిలేస్తాం. రష్యన్ పుంలింగం అచ్చంగా అంతే. "వీఝు స్తోల్" బల్ల చూస్తున్నాను, మార్పు లేదు. "వీఝు బ్రాత" సోదరుణ్ణి చూస్తున్నాను, మార్పు ఉంది. అకారంతో ముగిసే స్త్రీలింగాలకు మాత్రం ప్రాణం ఉన్నా లేకున్నా ఉకారం వస్తుంది: క్నీగ, క్నీగు.

సమయమంతా తినేది షష్ఠి. లేదు అన్నా అదే ("న్యేత్ బిల్యేత", టికెట్ లేదు), చాలా, కొంచెం అన్నా అదే, నుంచి, లేకుండా, కోసం, తరవాత అన్నా అదే. పైగా మన "తమ్ముడి పుస్తకం" అక్కడ తలకిందులై "క్నీగ బ్రాత" అవుతుంది. అంకెలు కూడా దీన్నే పట్టుకు వేలాడతాయి. 1 అయితే "రూబ్ల్య్", 2 నుంచి 4 దాకా "రుబ్ల్యా", 5 నుంచి 20 దాకా "రుబ్ల్యేయ్", 21కి మళ్ళీ "రూబ్ల్య్", 22కి "రుబ్ల్యా". అంటే చూడాల్సింది చివరి అంకెను, 11 నుంచి 14 వరకు తప్ప. వయసుకూ ఇదే పద్ధతి: 21 "గోత్", 22 "గోద", 25 "లేత్". సంతకం కన్నా ఎక్కువసార్లు చెప్పాల్సి వచ్చేవి డబ్బు, వయసు, గంటలే కనుక ఈ మూడింటితో వారంపాటు రోజూ పది నిమిషాలు నోటిలెక్క చేయండి. గంటల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది: "పల్‌ఫ్తరోవ" అంటే రెండో గంటలో సగం, అంటే ఒంటిగంటన్నర. రెండున్నర అనుకుని వెళితే గంట ఆలస్యం.

తృతీయలో మన "తో" రెండు పనులు చేస్తుంది, వాళ్ళు విడదీస్తారు. పెన్నుతో రాయడం సాధనం కనుక ముందు ఏమీ పెట్టరు. పాలతో టీ తోడు కనుక "స్" పెడతారు: "చాయ్ స్ మలకోమ్". "డాక్టరుగా పనిచేస్తున్నాను"లోని "గా" కూడా ఈ విభక్తే: "రబోతయు వ్రచోమ్".

లింగం పదం చివర చూస్తే చాలావరకు తెలుస్తుంది. హల్లు అయితే పుంలింగం, అ లేదా య అయితే స్త్రీలింగం, ఒ లేదా ఎ అయితే నపుంసకం. మెత్తని గుర్తుతో, అంటే ముందున్న హల్లును మెత్తబరిచే, సొంత ధ్వని లేని అక్షరంతో, ముగిసేవి మాత్రం ఒక్కొక్కటీ గుర్తుంచుకోవాలి. మనం మరిచిపోయేది భూతకాలంలో. తెలుగులో "నాకు అర్థమైంది" అని ఎవరన్నా ఒకటే. రష్యన్‌లో మగవాళ్ళు "యా పోన్యల్" అనాలి, ఆడవాళ్ళు "యా పన్యలా" అనాలి. టీచరమ్మ దగ్గర విని ఆమె రూపాన్నే దించుకున్న కుర్రాళ్ళు తరగతికి ఇద్దరైనా ఉంటారు.

క్రియల జంటలు అందరూ భయపెట్టే చోటు. ప్రతి పనికీ సుమారుగా రెండు క్రియలు: సాగుతున్నదానికో, మళ్ళీమళ్ళీ చేసేదానికో ఒకటి, పూర్తయినదానికి ఇంకొకటి. ఇంగ్లీషు వివరణ పది పేజీలు చదవడం కన్నా "చదివాను", "చదివేశాను" అనుకోండి. "చితాల్", "ప్రచితాల్". "చదివేస్తాను" అంటే "ప్రచితాయు", ఒక్క మాటే. "చదువుతూ ఉంటాను" అంటే "బూదు చితాత్య్", రెండు మాటలు. ఈ రెంటినీ కలిపి "బూదు ప్రచితాత్య్" అనడం కొత్తవాళ్ళందరి తప్పు. అలాంటి రూపమే లేదు. "చదివేయడం మొదలుపెట్టాను" అంటే మనకు చెవికి ఇంపుగా ఉండదు కదా. రష్యన్‌లోనూ మొదలుపెట్టడం, ఆపడం, కొనసాగించడం అనేవాటి తరవాత సాగే క్రియే రావాలి. ఈ పోలిక నూటికి నూరుపాళ్ళు కుదరదు. మన "ఏయు"లో ఒక నిర్లక్ష్యపు ఛాయ ఉంటుంది, వాళ్ళదానిలో ఉండదు. కానీ దారి పట్టడానికి చాలు. జంటల్ని జంటలుగానే రాసుకోండి, ఎందుకంటే ఆకారం చూసి ఊహించలేం. "చెప్పడం" అయితే "గవరీత్య్", "స్కజాత్య్", పోలికే లేదు. "కొనడం" అయితే "పకుపాత్య్", "కుపీత్య్", ముందు ఉపసర్గ ఉన్నది పూర్తయిన క్రియ అనుకుంటే బోల్తా పడతారు, ఇక్కడ అదే సాగేది.

వెళ్ళడానికి నడకకు వేరు, బండికి వేరు. మళ్ళీ అందులో ఒకవైపు వెళ్ళడం వేరు, రోజూ వెళ్ళిరావడం వేరు. ఇప్పుడు నడిచి వెళుతుంటే "ఇదూ", రోజూ నడిచి వెళితే "ఖఝూ", బండి మీద "యేదు", "యేఝ్ఝు". "కొట్టుకు వెళ్ళాడు", ఇంకా రాలేదు, అంటే "పషోల్". "వెళ్ళొచ్చాడు" అంటే "ఖదీల్". ఈ మన "వెళ్ళొచ్చాడు" ఇంగ్లీషులో ఒక్క మాటలో దొరకదు, అందుకే అక్కడి పుస్తకాలు దీనికి అంత బారెడు వివరణ ఇస్తాయి. కిక్కిరిసిన బస్సులో వెనకనుంచి ఎవరైనా "వి విఖోదితె?" అంటే, దిగుతున్నారా అని. దిగకపోతే పక్కకు జరగమని అర్థం.

మర్యాద విషయంలో మనకు నేర్పాల్సింది లేదు, నువ్వు, మీరు తేడా అచ్చం మనదే. కాకపోతే "గారు" పని అక్కడ తండ్రి పేరు చేస్తుంది. పంతులమ్మను "ఇరీన పిత్రోవ్న" అని సొంత పేరు, తండ్రి పేరు కలిపి పిలవాలి. ఇంటిపేరుతోనో, "టీచర్" అనో పిలిస్తే మొరటుగా ఉంటుంది.

రోజువారీ పద్ధతి ఇలా పెట్టుకోండి. ముప్పావుగంట చొప్పున ఆరు రోజులు చేయడం, ఆదివారం ఐదు గంటలు కూర్చోవడం కన్నా నయం. అందులో పావుగంట వినడం, వెంటనే వెనకే పలకడం, పావుగంట పాత వాక్యాలు, మిగతాది కొత్తది. కొత్త మాటలు రోజుకు పది, ఒక్కొక్కటీ ఒక చిన్న వాక్యంలో, ఒత్తు గుర్తుతో. రష్యా ప్రభుత్వ భాషా పరీక్షల ప్రాథమిక స్థాయికి పదసంపద 780 మాటలు, దాని పై స్థాయికి 1300, మొదటి సర్టిఫికెట్ స్థాయికి 2300. ఆ లెక్కన ప్రాథమికం మూడు నెలల పని. రష్యన్ మాధ్యమంలో డిగ్రీ చదవాలంటే ఆ మొదటి సర్టిఫికెట్ స్థాయి కావాలి. "పత్‌ఫాక్" అనే సన్నాహక విభాగంలో ఏడాది చదివించేది అందుకే. కీబోర్డు అక్కడి ప్రామాణిక అమరికే నేర్చుకోండి. ఇంగ్లీషు ధ్వనుల ప్రకారం అమర్చినది మీ లాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది, గ్రంథాలయం కంప్యూటర్ దగ్గర చేతులు కట్టేసినట్టవుతుంది.

వినికిడికి ఖర్చులేని బడి మాస్కో మెట్రో. ప్రకటనలు స్పష్టంగా, ఒకే వాక్యాలు మళ్ళీమళ్ళీ: "అస్తరోఝ్న, ద్వేరి జక్రివాయుత్స", జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి. నగర కేంద్రం వైపు వెళ్ళే రైళ్ళలో మగ గొంతు, కేంద్రం నుంచి బయటికి వెళ్ళేవాటిలో ఆడ గొంతు వినిపిస్తుంది కనుక దిక్కు తప్పినా చెవి చెబుతుంది.

మెడిసిన్‌కు వచ్చినవాళ్ళకు ఒక హెచ్చరిక. పాఠాలు ఇంగ్లీషులో జరిగినా రోగి మాట్లాడేది రష్యనే. మూడో ఏడు వార్డుల్లోకి వెళ్ళేనాటికి వాక్యాలు నోట్లో ఉండాలి. "ష్తో వాస్ బిస్పకోయిత్?" ఏమిటి ఇబ్బంది? "దిషీతె", ఊపిరి పీల్చండి. "నె దిషీతె", బిగపట్టండి. నొప్పి ఎలాంటిదో చెప్పే క్రియలు పాఠ్యపుస్తకంలో వెనక ఎక్కడో ఉంటాయి, రోగి నోట మొదట వస్తాయి: "దావిత్" నొక్కేస్తోంది, "కోలెత్" పొడుస్తోంది, "ఝ్ఝోత్" మంట, "నోయెత్" సన్నగా లాగుతోంది. ఇక్కడా తెలుగు మీకు తోడు. "రుకా" అంటే మన చెయ్యి లాగే భుజం నుంచి వేళ్ళదాకా, "నగా" మన కాలు లాగే తొడ నుంచి పాదం దాకా, "పాలెత్స్" చేతివేలూ కాలివేలూ రెండూ. ఇంగ్లీషులో తర్జుమా చేసుకుని "హ్యాండ్ నొప్పి" అని కేసు షీట్‌లో రాస్తే భుజం ఎక్స్‌రే తప్పిపోతుంది. "రుకా బలీత్" అని రోగి అన్నప్పుడు "గ్ద్యే ఇమిన్న?", సరిగ్గా ఎక్కడ, అని అడిగి, వేలుపెట్టి చూపించమనండి.